మీకు తెలుసా? గేమ్ కన్సోల్ పవర్‌లో మీ హాలు దాకా వచ్చేదెంత!

పదో తరగతి మార్కులు బాగా వస్తే కొనిపెడతామని తల్లిదండ్రులు మాటిచ్చే వస్తువుల్లో ఒకప్పుడు సైకిల్ ముందుండేది. ఇప్పుడు ఆ వరుసలో గేమ్ కన్సోల్ కూడా చేరింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల వెంట ఎలక్ట్రానిక్స్ షాపులకు కొదవ లేదు. ఇక్కడ బేరం కుదరకపోతే విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో రెడ్ లైన్ ఎక్కి ఎంజీబీఎస్‌లో గ్రీన్ లైన్‌కు మారితే కోఠి గుజరాతీ గల్లీ, అదే లైన్‌లో చివరిదాకా వెళ్లి ఆటో ఎక్కితే సికింద్రాబాద్ సీటీసీ. ఎక్కడికెళ్లినా మాట మొదలయ్యేది మాత్రం ‘పవర్’ దగ్గరే. ఎన్ని టెరాఫ్లాప్‌లు, 4కె వస్తుందా, 120 ఫ్రేములా? అరలక్ష రూపాయలు చేతులు మారే ముందు ఆ పవర్‌లో మీకు దక్కేదెంతో ఈ సంగతులు చదివి తేల్చుకోండి.

1. బలం ఎక్కువున్న పెట్టె వెనకబడింది

సెకనుకు లక్ష కోట్ల లెక్కలు చేయగలిగితే దాన్ని ఒక టెరాఫ్లాప్ అంటారు. 2020 నవంబరులో విడుదలైన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ బలం 12 టెరాఫ్లాప్‌లు. అదే నెలలో విదేశాల్లో విడుదలై, 2021 ఫిబ్రవరి 2న మన దేశానికి వచ్చిన ప్లేస్టేషన్ 5 బలం 10.28. ఇండియాలో మొదట రెండింటి ధరా రూ.49,990. కాగితం మీద గెలుపు ఎక్స్‌బాక్స్‌దే. కౌంటర్ దగ్గర మాత్రం ప్లేస్టేషన్‌ది. 2025 మధ్యకల్లా దాని అమ్మకాలు 8 కోట్లు దాటాయి. మైక్రోసాఫ్ట్ అయితే తన కన్సోళ్లు ఎన్ని అమ్ముడుపోయాయో చెప్పడం 2015లోనే మానేసింది.

టెరాఫ్లాప్ చెప్పేది గ్రాఫిక్స్ చిప్ లెక్కల వేగం ఒక్కటే. మెమరీ ఎంత చురుకైనదో, స్టోరేజ్ నుంచి డేటా ఎంత త్వరగా వస్తుందో, ఆట తయారుచేసినవాళ్లు ఆ యంత్రాన్ని ఎంత బాగా వాడుకున్నారో ఆ అంకెలో ఉండదు. కొనేవాళ్లు అడిగేది అసలే ఉండదు: నాకు కావలసిన ఆట ఇందులో వస్తుందా?

2. పోటీపడే రెండు పెట్టెల్లోనూ ఒకే కంపెనీ చిప్

ప్లేస్టేషన్ 5లోనూ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లోనూ ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఏఎండీ కంపెనీవే, పైగా ఒకే తరానికి చెందినవి. నింటెండో స్విచ్‌లో ఉండేది ఎన్‌విడియా చిప్. ఈ రెండు చిప్ కంపెనీలకూ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి. లోపలి సరుకు ఇంత దగ్గరిది కాబట్టే, ఒకే ఆటను రెండింటిలో పక్కపక్కన ఆడించినా తేడా చెప్పాలంటే బొమ్మను ఆపి, పెద్దది చేసి చూడాలి. సోఫాలో కూర్చుని ఆడేవాళ్లకు అంత తీరిక ఉండదు.

3. నాలుగు పెన్సిల్ సెల్లు గెలిచిన పోటీ

1989లో నింటెండో తెచ్చిన గేమ్ బాయ్‌కి రంగులే లేవు. ఉన్నవి నాలుగు ఛాయలు. తెర వెనక లైటు కూడా లేదు. మరుసటి ఏడాది సెగా కంపెనీ రంగుల తెరతో, వెనక లైటుతో గేమ్ గేర్‌ను దించింది. చూపులకు, బలానికి అదే మేటి. కానీ గేమ్ గేర్ ఆరు పెన్సిల్ సెల్లను మూడు నుంచి ఐదు గంటల్లో తినేసేది. గేమ్ బాయ్ నాలుగు సెల్లతో పది గంటలు దాటి నడిచేది. చివరికి గేమ్ బాయ్, దాని తర్వాతి కలర్ మోడల్ కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. గేమ్ గేర్ కోటి దాటి ఆగిపోయింది.

గేమ్ బాయ్ వెనకున్న గున్‌పే యొకోయ్ సూత్రం ఒక్కటే. బాగా నలిగిన, చవకైన పాత విడిభాగాలు తీసుకుని వాటితో ఎవరూ చేయని పని చేయించాలి. నింటెండో ఈనాటికీ చాలావరకు అదే దారిలో నడుస్తోంది.

4. మారియో మొత్తం 40 కేబీలే

తొంభైల్లో మన ఇళ్లలో ‘టీవీ గేమ్’ అని పిలుచుకున్న డబ్బాలు గుర్తున్నాయా? పసుపు కేసెట్ మీద వేలల్లో ఆటలని రాసుండేది. లోపల తిప్పితిప్పి చూస్తే అవే పది పదిహేను. ఆ డబ్బాల్లో ఎక్కువ శాతం 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్‌కు నకళ్లు. అసలు ఫామికామ్ ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్, పని చేసుకోవడానికి ఉన్న మెమరీ 2 కేబీ. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం, బొమ్మలతో సంగీతంతో సహా, 40 కేబీలో ఇమిడింది. పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో వచ్చే గుడ్ మార్నింగ్ పువ్వు ఫొటో అంతకంటే బరువుంటుంది.

అయినా వేసవి సెలవులన్నీ ఆ ఆటకే పోయాయంటే కారణం చిప్ కాదు. మారియో ఎంత ఎత్తు ఎగరాలి, ఎక్కడ జారాలి అన్నది చేసినవాళ్లు పట్టిపట్టి దిద్దారు.

5. హైదరాబాద్ స్టూడియోలు పాత కన్సోల్‌నే ఎంచుకున్నాయి

2009లో ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే ఆట వచ్చింది. దాన్ని తయారుచేసింది హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్. అదే ఏడాది హైదరాబాద్‌లోని గేమ్‌శాస్త్ర ‘దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా’ను ప్లేస్టేషన్ 2కూ, చేతిలో పట్టే పీఎస్‌పీకీ చేసింది. అందులో కబడ్డీ, గాలిపటాలతో పాటు తెలంగాణ పల్లెల్లో చిర్రగోనె అని ఆడుకునే గిల్లీదండా కూడా ఉంది.

ఇక్కడ ఆగి చూడవలసిన సంగతి ఒకటుంది. అప్పటికి రెండేళ్ల ముందే, 2007లో, ప్లేస్టేషన్ 3 ఇండియాకు వచ్చేసింది. బలంలో దానికీ పాతదానికీ పొంతన లేదు. అయినా మన దేశపు ఆటలు పాత పెట్టె కోసమే తయారయ్యాయి. మన ఇళ్లలో ఉన్నది అదే కాబట్టి. కన్సోల్‌కు ఆటలు వచ్చేది దాని బలాన్ని చూసి కాదు, అది ఎన్ని ఇళ్లలో ఉందో చూసి. కొనే ముందు మీ స్నేహితుల ఇళ్లలో ఏముందో ఆరా తీయమనడానికి కారణం ఇదే.

6. రికార్డులన్నీ రెండో ర్యాంకువాళ్లవే

ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన హోమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 2. 2000లో వచ్చి 16 కోట్లు దాటింది. 2001లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్ దానికంటే బలమైనది, కానీ 2.4 కోట్ల దగ్గరే నిలిచిపోయింది. ప్లేస్టేషన్ 2 సినిమా డీవీడీలు కూడా ఆడించేది. డీవీడీ ప్లేయర్ విడిగా కొనే ఖర్చు తప్పేది.

చేతి కన్సోళ్లలో పీఎస్‌పీ ముందు నింటెండో డీఎస్ బలం తక్కువ. అమ్మకాలు 15 కోట్ల పైన. 2017లో వచ్చిన స్విచ్‌లో ఉన్నది అప్పటికే రెండేళ్లు పాతబడిన చిప్ డిజైన్. అది కూడా 15 కోట్లు దాటింది. 2006 నాటి నింటెండో వీ కన్సోల్‌కు హెచ్‌డీ బొమ్మే రాదు. చేతిలో రిమోట్ పట్టుకుని బ్యాట్‌లా ఊపితే తెరమీద బంతి కొట్టే ఆ సరదాతో 10 కోట్లు దాటి, తన తరంలో ప్లేస్టేషన్ 3నూ ఎక్స్‌బాక్స్ 360నూ వెనక్కి నెట్టింది.

7. సూపర్ కంప్యూటర్ అయిన కన్సోల్ కూడా ఓడింది

అలా ఓడిన ప్లేస్టేషన్ 3 ఆషామాషీ యంత్రం కాదు. 2010లో అమెరికా వైమానిక దళం 1,760 ప్లేస్టేషన్ 3లను కలిపి ‘కాండర్ క్లస్టర్’ అనే సూపర్ కంప్యూటర్ కట్టింది. లెక్కలకు అంత పనికొచ్చిన సెల్ ప్రాసెసర్ ఆటలు రాసేవాళ్లకు మాత్రం చుక్కలు చూపించింది. ఒకే ఆట అటు ఎక్స్‌బాక్స్ 360లో సాఫీగా నడిచి ఇటు తడబడిన సందర్భాలు మొదటి ఏళ్లలో బోలెడు. యంత్రంలో ఎంత శక్తి ఉన్నా దాన్ని బయటికి తీసే దారి సులువుగా లేకపోతే ఆడేవాడికి అందేది తక్కువే.

8. పాత యంత్రం ముదిరాక రాణిస్తుంది

ఆ తిప్పలన్నీ పడి, యంత్రం గుట్టు తెలుసుకున్నాక అదే ప్లేస్టేషన్ 3 మీద 2013లో ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 17న జీటీఏ 5 విడుదలైంది. ఒక మహానగరం, చుట్టూ కొండలు, ఎడారి, సముద్రం, అన్నీ కలిపి మొత్తం 512 ఎంబీ మెమరీ ఉన్న కన్సోళ్ల మీద మొదట నడిచింది. ఈనాటి చవక స్మార్ట్‌ఫోన్‌లో కూడా దానికి ఎన్నో రెట్లు మెమరీ ఉంటుంది. కన్సోల్ విడుదలైన రోజే కొంటే దాని పూర్తి సత్తా చూపే ఆటల కోసం రెండు మూడేళ్లు ఎదురుచూడాలి. ఈలోగా ధరలో ఆఫర్లూ వస్తాయి, మొదటి బ్యాచ్ లోపాలూ సర్దుకుంటాయి.

9. హైదరాబాదీ సీఈఓ మొదటి పెద్ద కొనుగోలు డబ్బాల ఆటే

హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. ఆ సెప్టెంబరులోనే మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లతో మోజాంగ్ అనే స్వీడన్ కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. మోజాంగ్ సొత్తు మైన్‌క్రాఫ్ట్: చెట్టు, ఆవు, సూర్యుడు అన్నీ చదరపు డబ్బాలే. గ్రాఫిక్స్ పరంగా చూస్తే దాదాపు ఏ ఫోన్ అయినా ఆడించగలదు. 2023 అక్టోబరు నాటికి అది 30 కోట్ల కాపీలు దాటి, ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన వీడియో గేమ్‌గా నిలిచింది.

ఇంకో మలుపు చూడండి. ఒకప్పుడు ఎక్స్‌బాక్స్‌కే సొంతమైన కార్ల ఆట ఫోర్జా హొరైజన్ 5ను 2025 ఏప్రిల్ 29న మైక్రోసాఫ్టే ప్లేస్టేషన్ 5కు తెచ్చింది. పెట్టె అమ్మకం కన్నా ఆట అమ్మకమే మేలని తయారుచేసే కంపెనీయే అనుకుంటుంటే, పెట్టె బలం గురించి మనం గొడవపడటం దేనికి?

10. 32 ఇంచుల టీవీలో 4కె చేరేది ఎనిమిదో వంతు

కొత్తపేట షాపుల్లో జరిగే సంభాషణ ఇంచుమించు ఇలా ఉంటుంది.

“అన్నా, మా ఇంట్ల 32 ఇంచుల టీవీ ఉంది. దీనికి పెడితే 4కె వస్తదా?”

“రాకపోవచ్చన్నా. టీవీ వెనక మోడల్ నంబర్ ఉంటది, ఇంట్లోళ్లను ఫొటో తీసి పంపమను. అది చూసి చెప్త.”

ఆ ఫొటో అడిగిన సేల్స్‌మన్ మాట వినదగ్గది. 4కె అంటే 3840 నిలువు వరుసలు, 2160 అడ్డు వరుసలు, మొత్తం దాదాపు 83 లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీలో 21 లక్షలు. మన ఇళ్లలోని 32 ఇంచుల టీవీల్లో చాలావరకు హెచ్‌డీ రెడీ రకం, అంటే 1366 × 768, సుమారు పదిన్నర లక్షలు. కన్సోల్ 83 లక్షల చుక్కలు గీసి పంపినా తెర ఎనిమిదో వంతే చూపగలదు.

టీవీ 4కె అయినా హెచ్‌డీఎంఐ పోర్టు చూడాలి. 2.0 రకమైతే 4కెలో సెకనుకు 60 ఫ్రేములే దాటుతాయి. 120 కావాలంటే 2.1 ఉండాలి, టీవీ ప్యానెల్ కూడా 120 హెర్ట్జ్‌ది అయ్యుండాలి. ఒకే టీవీలో నాలుగు పోర్టులుంటే వాటిలో ఒకటో రెండో మాత్రమే 2.1 కావచ్చు, పోర్టు పక్కన సన్నగా రాసుంటుంది, టార్చి వేసి చదవండి.

11. పెట్టె మీది 8కె మాయమైంది

ప్లేస్టేషన్ 5 మొదటి పెట్టెల మీద 8కె అనే ముద్ర ఉండేది. అది చూసి 8కె టీవీ కొన్నవాళ్లకు ఆడటానికి ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా రాలేదు. 2024 నాటికి సోనీ ఆ ముద్రను పెట్టె మీంచి తీసేసింది. కన్సోల్ పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న అంకె ఏదైనా ‘ఇంతవరకు సాధ్యం’ అనే అర్థంలోనే ఉంటుంది. ‘ప్రతి ఆటలో వస్తుంది’ అనే హామీ అందులో లేదు.

12. బంతి వచ్చేలోపు టీవీ ఆలస్యం చేస్తుంది

సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కో బొమ్మ 33 మిల్లీసెకన్లు తెరమీద నిలుస్తుంది. 60 అయితే దాదాపు 17. చాలా కొత్త ఆటలు రెండు దారులిస్తాయి: బొమ్మ అందంగా ఉండి 30 ఫ్రేములు, లేదా కాస్త తగ్గించి 60 ఫ్రేములు. చేయి చెప్పినట్టు ఆట కదలాలంటే రెండోదే.

దీనికంటే పెద్ద దొంగ టీవీలోనే ఉంటాడు. బొమ్మను మెరుగుపరచడానికి టీవీ చేసే పనుల వల్ల కొన్ని సెట్లలో వంద మిల్లీసెకన్ల దాకా ఆలస్యం జరుగుతుంది. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి పిచ్ దాటడానికి పట్టేది సుమారు అర సెకను. అందులో ఐదో వంతు టీవీ మింగేస్తే క్రికెట్ గేమ్‌లో బ్యాట్ ఎప్పుడూ లేటే. టీవీ సెట్టింగుల్లో ‘గేమ్ మోడ్’ ఆన్ చేస్తే ఆ ఆలస్యం చాలావరకు పోతుంది. పైసా ఖర్చు లేదు.

13. మే నెల హైదరాబాద్ కన్సోల్ మాన్యువల్‌లో లేదు

ప్లేస్టేషన్ 5 మాన్యువల్‌లో వాడదగిన ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలని ఉంటుంది. మన వేసవిలో బయట 40 దాటుతుంది. పై అంతస్తు ఫ్లాటులో, ఏసీ లేని హాల్లో, అద్దాల తలుపులున్న టీవీ యూనిట్ లోపల పెడితే ఆ గూటి వేడి ఎంతుంటుందో ఊహించుకోండి. బలం పెరిగేకొద్దీ వేడీ పెరుగుతుంది. వేడి మితిమీరితే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది.

వేడిని తక్కువ అంచనా వేస్తే ఏమవుతుందో ఎక్స్‌బాక్స్ 360 చూపించింది. ముందు భాగంలో మూడు ఎర్ర లైట్లు వెలిగి చచ్చిపోయిన కన్సోళ్ల మరమ్మతుల కోసం 2007లో మైక్రోసాఫ్ట్ వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టి, వారంటీని మూడేళ్లకు పెంచింది.

హైవే పక్క ఇళ్లలో దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. ప్లేస్టేషన్ 5 తెల్ల పలకలు తీస్తే దుమ్ము చేరడానికే ఏర్పాటు చేసిన రంధ్రాలు కనిపిస్తాయి. అక్కడ వ్యాక్యూమ్ క్లీనర్ పెడితే చాలు, లోపలి స్క్రూలు ముట్టుకోనవసరం లేదు.

14. కన్సోల్ 200 యూనిట్ల గీత దాటించగలదు

మొదటి ప్లేస్టేషన్ 5 మోడల్ కొత్త ఆటలు ఆడేటప్పుడు సుమారు 200 వాట్లు లాగుతుంది. రోజుకు మూడు గంటలు ఆడితే నెలకు 18 యూనిట్లు. టీవీ కరెంటు దీనికి అదనం. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్లకు 2024 మార్చి నుంచి జీరో బిల్లు వస్తోంది. ఇప్పటికే 190 దగ్గర ఉన్న ఇల్లు ఈ 18తో గీత దాటితే, దాటిన ఎనిమిదికే కాదు, మొత్తానికి బిల్లు పడుతుంది. అది వెయ్యి రూపాయల పైమాటే.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ వాడకం సుమారు 75 వాట్లు, అదే లెక్కన నెలకు ఏడు యూనిట్ల లోపు. మొదటి తరం స్విచ్ టీవీకి పెట్టి ఆడినా 20 వాట్లు దాటదు. బలం తక్కువైనందుకు ప్రతి నెలా కలిసొచ్చే లాభం ఇది.

15. అందరికంటే బలమైన ప్లేస్టేషన్‌ను వైఫై ఆపేసింది

2024 నవంబరు 7న ప్లేస్టేషన్ 5 ప్రో విడుదలైంది. 16.7 టెరాఫ్లాప్‌లు, అప్పటి అమెరికా ధర దాదాపు 700 డాలర్లు, డిస్క్ డ్రైవ్ విడిగా కొనుక్కోవాలి. ఆ రోజు ఇండియాలో మాత్రం అమ్మకానికి రాలేదు. అందులోని వైఫై 7 వాడే 6 గిగాహెర్ట్జ్ తరంగాలకు అప్పటికి మన దేశంలో అనుమతి లేకపోవడమే కారణం. గ్రాఫిక్స్ చిప్ ఎంత గొప్పదైతేనేం, వేలెడంత వైఫై ముక్క దగ్గర ఆగిపోయింది.

16. డిస్క్ డ్రైవ్ ఖరీదు ఆటల్లో తిరిగొస్తుంది

2024 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 5 స్లిమ్ ఇండియాకు వచ్చినప్పుడు డిస్క్ ఉన్నది రూ.54,990, డిస్క్ లేని డిజిటల్ మోడల్ రూ.44,990. రెండింటి బలం ఒక్కటే. చాలామంది పదివేలు మిగిలాయని డిజిటల్ వైపు మొగ్గుతారు. సోనీ పెద్ద ఆటలు విడుదలప్పుడు రూ.4,999 దాకా ఉంటాయి. డిస్క్ అయితే ఆడేశాక అమ్ముకోవచ్చు, పక్క ఫ్లాటువాళ్లతో మార్చుకోవచ్చు, సెకండ్ హ్యాండ్ కొనొచ్చు. డౌన్‌లోడ్ చేసుకున్నది మీ అకౌంట్‌కే కట్టుబడి ఉంటుంది. ఏడాదికి నాలుగైదు ఆటలు కొనే ఇంట్లో ఆ పదివేల లెక్క తిరగబడటానికి ఎక్కువ కాలం పట్టదు.

17. అమెరికా బావ తెచ్చే కన్సోల్‌కు రెండు పరీక్షలు

నింటెండో స్విచ్‌ను ఆ కంపెనీ అధికారికంగా ఇండియాలో విడుదల చేయలేదు. గుజరాతీ గల్లీలోనో సీటీసీలోనో కనిపించేవి దిగుమతి సరుకే. డల్లాస్ నుంచో సింగపూర్ నుంచో చుట్టాలు తెచ్చేవీ ఉంటాయి. మొదటి పరీక్ష: పెట్టె అడుగునో అడాప్టర్ మీదో 100–240 వోల్టులు అని ఉందా? పాత ఎక్స్‌బాక్స్ 360 అమెరికా అడాప్టర్ లాంటివి 110 వోల్టుల రకం. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే అంతే సంగతులు. రెండోది: వారంటీ ఏ దేశానిది? పాడైతే ఇక్కడ సర్వీస్ సెంటర్ చూడకపోవచ్చు.

డిస్కుల విషయంలో ఇంకో చిన్న మెలిక. అమెరికా డిస్క్ మన ప్లేస్టేషన్ 5లో ఆడుతుంది. కానీ ఆ ఆటకు విడిగా కొనే అదనపు భాగాలు డిస్క్ ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతపు అకౌంట్‌లోనే కొనాలి.

18. రోజూ తెలిసొచ్చే పవర్ స్టోరేజ్‌ది

హార్డ్‌వేర్‌లో నిజంగా తేడా తెలియాలంటే ప్లేస్టేషన్ 4 పక్కన 5ను పెట్టి ఒకే ఆట తెరవండి. పాతదానిలో తిరిగే హార్డ్ డిస్క్, కొత్తదానిలో సెకనుకు 5.5 గిగాబైట్లు చదివే ఎస్‌ఎస్‌డీ. నిమిషం పట్టే లోడింగ్ సెకన్లకు దిగుతుంది. పెట్టె మీద ఇది టెరాఫ్లాప్ అంత పెద్దక్షరాల్లో ఉండదు.

అలాగే చోటు కూడా. సిరీస్ ఎస్ మొదటి మోడల్‌లో 512 జీబీ అని ఉన్నా వాడుకోవడానికి మిగిలేది 364. వంద జీబీ ఆటలు మూడు పెడితే నిండిపోతుంది. అలాంటి ఒక్క ఆట దిగాలంటే 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద రెండుంపావు గంటలు. హాస్టల్ వైఫైని పది మంది పంచుకునే చోట అయితే రాత్రంతా.

19. బలం నిజంగా పనికొచ్చిన చోట్లు

పవర్‌ను అసలు లెక్కచేయొద్దని కాదు. 2013లో ప్లేస్టేషన్ 4 బలం 1.84 టెరాఫ్లాప్‌లు, ధర 399 డాలర్లు. ఎక్స్‌బాక్స్ వన్ బలం 1.31, ధర 499. బలమూ ఎక్కువై ధరా తక్కువైతే ఇక ఆలోచించేదేముంది? ప్లేస్టేషన్ 4 అమ్మకాలు ప్రత్యర్థికి రెండింతలకు పైగా వెళ్లాయి.

పాత యంత్రం మీద కొత్త ఆట మోయలేని భారమైన సందర్భమూ ఉంది. 2020 డిసెంబరు 10న సైబర్‌పంక్ 2077 విడుదలైంది. ప్లేస్టేషన్ 4లో అది ఎంత దారుణంగా నడిచిందంటే, సోనీ వారం తిరిగేసరికి తన స్టోర్ నుంచి తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు వాపసిచ్చింది. మళ్లీ స్టోర్‌లోకి వచ్చింది 2021 జూన్‌లో. అందుకే కొత్త ఆటలు విడుదలైన రోజే ఆడాలనుకునేవాళ్లు, ఇంట్లో 120 హెర్ట్జ్ 4కె టీవీ ఉన్నవాళ్లు, కార్ల రేసులు, వీఆర్ ఇష్టపడేవాళ్లు బలం చూసి కొనడంలో తప్పు లేదు.

20. ప్రశ్నల వరుస మారిస్తే బడ్జెట్ మారుతుంది

షాపులో మొదట అడగాల్సింది ఆట గురించి. మారియో, జెల్డా, పోకెమాన్ కావాలంటే నింటెండో తప్ప దారి లేదు. స్పైడర్‌మ్యాన్, గాడ్ ఆఫ్ వార్ కావాలంటే కన్సోళ్లలో ప్లేస్టేషనే. రెండోది, ఎవరితో ఆడతారు? తమ్ముడితోనా, కాలనీ స్నేహితులతోనా, ఆన్‌లైన్‌లోనా? మూడోది టీవీ, నాలుగోది గదిలో గాలి, ఐదోది సర్వీసు. ఇవన్నీ తేలాక ఇంకా రెండు మోడళ్లు మిగిలితే అప్పుడు టెరాఫ్లాప్‌లు పోల్చుకోండి. చాలామందికి అంతదాకా వెళ్లే అవసరమే రాదు.

ఇంకా ఎటూ తేలకపోతే, గంటకింత అని ఆడించే గేమ్ జోన్‌లో రెండు రకాలూ ఓ పూట ఆడి చూడండి. పెద్ద మోడల్ వద్దనుకుంటే మిగిలే డబ్బులోంచి సుమారు ఆరు వేలు పెట్టి రెండో కంట్రోలర్ తీసుకోండి. ఎన్ని టెరాఫ్లాప్‌లున్నా ఒక్క కంట్రోలర్‌తో ఇద్దరు ఒకేసారి ఆడలేరు.